మోసిందెవరే?

2014 దసరా సెలవుల్లో పిల్లలకు డైనోసార్‌ని చూపిద్దామని నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి బయల్దేరాం. బయల్దేరాం అంటే, అమ్మా నేనూ నాలుగున్నరకే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో సర్ది, నీళ్ల సీసాలు నింపాక మిగతావాళ్లు స్నానాలు చేసి బయల్దేరారు.

లోపలికి రాగానే పిల్లలు పరుగెత్తారు. వాళ్ల వెనక మా ఆయన. అమ్మ మోకాళ్లు పట్టుకుని ఓ మూల కూర్చుండిపోయింది. "మీరు చూసి రాండ్రి, సంచులు నేను చూస్త" అంది. సరేనని నేనూ వెళ్లిపోయాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు నాకేమీ అనిపించలేదు.

అక్కడ నిలబెట్టింది కోటాసారస్ అస్థిపంజరం. ప్రాణహిత-గోదావరి లోయలో యామనపల్లి దగ్గర 1970ల చివర్లో 840 ఎముకలు దొరికాయి. 1988లో పి. యాదగిరి ఆ జంతువుకి ఈ పేరు పెట్టారు.

"ఇది ఆడదా, మగదా?" అనడిగింది మా చిన్నది.

"ఇంత పెద్దది కదా, మగదే" అన్నాడు మా ఆయన తడుముకోకుండా.

నిజానికి ఆ ఎముకలు కనీసం 12 జంతువులవి. రెండు పళ్లు తప్ప తల దొరకనే లేదు. మన ముందున్న తల ఊహించి చేసింది. తలే ఊహ అయినప్పుడు మగతనం ఊహించడం ఎంతసేపు!

యామనపల్లి పేరు చూశాక గానీ నాకు అమ్మ గుర్తు రాలేదు. అమ్మ పుట్టింది భూపాలపల్లి వైపు. వెళ్లి లేపుకొచ్చాను. సంచులు నా భుజానికి తగిలించుకున్నాను. అమ్మ ఏమీ మాట్లాడకుండా తోక దాకా నడిచింది.

"గివన్ని మా దిక్కు బొక్కలేనా?"

"అవునమ్మా."

"తవ్విన్రు సరే. మోసిందెవరే?"

బోర్డు మళ్లీ చదివాను. మోసినవాళ్ల ఊసు నాకు కనిపించలేదు. ఆ ఎముకలు బయటపడుతున్న రోజుల్లో అమ్మ నన్ను కడుపుతో ఉండి, నెత్తిన తట్టతో చెరువుకట్టకు మట్టి మోస్తోంది. యాభై దాటగానే మెడ ఎముకలు అరిగిపోయాయన్నాడు డాక్టరు. ఎక్స్‌రే చూసి, వయసు కదమ్మా అన్నాడు. తట్టల సంగతి ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

అమ్మ చెయ్యి మెడ వెనక్కి పోయింది. పైకి చూస్తూ, "గింత పొడుగు మెడ! ఎంత గుంజేదో పాపం" అంది. పిల్లలు పకపకా నవ్వారు.

"ఆకలేస్తోంది, డబ్బాలెక్కడ?" అవతలి నుంచి మా ఆయన.

సంచులు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. తిరిగొచ్చేసరికి అమ్మ రెండోవైపు నుంచి మళ్లీ మొదలుపెట్టింది, ఒక్కో బొక్క దగ్గరా ఆగుతూ.