అర, పావు దాటితే

కంబోడియా వెళ్లే మనవాళ్లు ముందు అంకోర్ వాట్ చూస్తారు. నేను రెండు బడులు చూశాను. అందులో ఒకటి ఇప్పుడు బడి కాదు.

రాజధాని నాంపెన్‌లో తువోల్ స్లెంగ్ ఒకప్పటి హైస్కూలు. 1975లో ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టులు గద్దెనెక్కాక దాన్ని జైలుగా మార్చారు. తరగతి గదుల్లో ఇటుకలతో కొట్లు కట్టారు, ఒక్క మనిషి పడుకుంటే నిండిపోయేంత. పిల్లలు కసరత్తు చేసిన కొయ్య దూలానికి ఖైదీలను వేలాడదీశారు. గళ్ల గచ్చు మాత్రం ఇంకా బడి గచ్చులాగే ఉంది. నేనక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

బడులు మూశారు, డబ్బు రద్దు చేశారు, పట్నాలను ఖాళీ చేయించారు. 1979 జనవరిలో ఆ పాలన కూలేసరికి దేశంలోని ఉపాధ్యాయుల్లో ముప్పాతిక మంది దాకా చనిపోవడమో, దేశం విడిచిపోవడమో జరిగిందని అంచనా.

రెండో బడి సియెం రియాప్ పట్నం దాటాక ఒక పల్లెలో. పొద్దుటి బ్యాచి ఇళ్లకు పోతోంది, మధ్యాహ్నం బ్యాచి సైకిళ్ల మీద వస్తోంది. గదులు చాలవు కాబట్టి ఒకే బెంచీ మీద పూటకొకరు. మామిడిచెట్టు కింద రిటైరైన మాస్టారు కూర్చున్నారు. మా దుబాసీ ఆయన్ని ‘లోక్ క్రూ’ అని పిలిచాడు. క్రూ అంటే గురువే. బడి ‘సాలా’. వాళ్ల లిపి కూడా పల్లవుల లిపి నుంచి పుట్టిందే. మనం వత్తు అనేదాన్ని వాళ్లు అక్షరం ‘కాలు’ అంటారు. ఆ మాట విన్నాక ఆ రాత కొంచెం చుట్టంలా కనిపించింది.

“ఖ్మేర్ రూజ్ పోయి బడులు మళ్లీ తెరిచినప్పుడు నాకు పదిహేడేళ్లు, ఐదో తరగతి చదువు. ఊళ్లో అంతకుమించి చదివినవాడు లేడు. మూడు వారాలు శిక్షణ ఇచ్చి పంతుల్ని చేశారు,” అన్నారాయన. జీతం బియ్యం. బొగ్గు పూసిన చెక్కే నల్లబల్ల. ఎక్కువ తెలిసినవాడు తక్కువ తెలిసినవాడికి, వాడు ఏమీ తెలియనివాడికి చెప్పాలన్నది ఆనాటి నినాదం. “భాగహారం నాకే రాదండీ. పక్కూళ్లో పాత కిరాణా వ్యాపారి ఉండేవాడు. రాత్రి ఆయన దగ్గర నేర్చుకుని పొద్దున చెప్పేవాణ్ణి.”

అంత తొందర తప్పంటే నేనొప్పుకోను. ఆగితే ఒక తరం పొలాల్లోనే పెరిగిపోయేది. ఆ తర్వాత పంతులు జీతాన్ని దశాబ్దాల పాటు చాలీచాలకుండా ఉంచడమే తప్పు. పూట బడి, పూట సేద్యం చేసే పంతుళ్లు ఎందరో. పరీక్షలు కూడా అలాగే తయారయ్యాయి. 2013లో పన్నెండో తరగతిలో 87 శాతం పాసయ్యారు. మరుసటి ఏడు విద్యామంత్రి హాంగ్ చువోన్ నరోన్ చూచిరాతను అరికట్టగానే అది 26 శాతానికి పడిపోయింది. చీటీల సంగతి మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు లెండి.

గంట మోగింది. కిటికీలోంచి చూస్తే కుర్ర టీచరమ్మ బోర్డు మీద భిన్నాలు వేస్తోంది. ఆమె కూడా తన శిష్యురాలేనన్నారు మాస్టారు. మీరే నేర్పారా ఇవి, అని అడిగాను.

ఆయన పకపకా నవ్వారు. “అర, పావు దాటితే ఆ కిరాణా ఆయనకు రాదు. నాకూ రాదు.”