తూకం చెప్పని లెక్క

1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాడు మాదాపూర్ చుట్టూ బండరాళ్ల గుట్టలే ఎక్కువగా కనిపించేవి. పాతికేళ్లు దాటేసరికి ఆ గుట్టల నడుమ కొండాపూర్, గచ్చిబౌలి దాకా అద్దాల మేడలు వెలిశాయి. పొలాలలో, మగ్గాల మీద ఒళ్లు వంచి పనిచేసినవారి మనుమలు ఎందరో నేడు ఆ మేడలలో కుర్చీ కదలకుండా జీవనం సాగిస్తున్నారు. పని మారింది, శరీరధర్మం మాత్రం తాతల నాటిదే.

ఈ మార్పునకు చెల్లిస్తున్న మూల్యమెంతో 2025లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా, 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకొని ఉంది. 71 శాతం మందిలో స్థూలకాయం కనిపించింది.

అలాగని వీరందరూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తెల్లవారకముందే దుర్గం చెరువు గట్టున నడిచేవారూ, అన్నం మాని రాగిజావతో సరిపెట్టుకొనేవారూ ఎందరో ఉన్నారు. నెలలు గడిచినా త్రాసు ముల్లు కదలకపోతే వారి మనసు క్రుంగుతుంది. కొందరు విసిగి ప్రయత్నమే మానుకొంటారు. మరికొందరు పంతం పట్టి ఉన్న తిండినీ సగం చేసి నీరసిస్తారు. మొదటిది నిరాశ, రెండవది సాహసం. ఎదిగే వయసులో ఈ సాహసం మరీ ప్రమాదకరం. కారణం వెతకడమనే మూడవ మార్గం చాలామందికి తోచదు.

1992లో అమెరికాలోని న్యూయార్కులో పరిశోధకులు ఇటువంటివారినే పరీక్షించారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న వారి శరీరాలు శక్తిని మామూలుగానే ఖర్చు చేస్తున్నాయని తేలింది. వారు నిజంగా తిన్నదానిలో దాదాపు సగం లెక్కలోకి రాలేదు; చేసిన శ్రమ మాత్రం ఉన్నదానికంటే సగం ఎక్కువగా లెక్కకెక్కింది. ఇది అబద్ధం కాదు. కంటి అంచనాకు, జ్ఞాపకానికి సహజమైన బలహీనత.

మన వంటింట్లోనూ ఈ బలహీనత కనబడుతుంది. ఒక గ్రాము కొవ్వులో 9 కిలోక్యాలరీలుంటాయి. కూరలో, తాలింపులో కొలవకుండా వంపిన నూనె ఒక్కరి వంతుకు 30 గ్రాములైతే 270 కిలోక్యాలరీలు చేరినట్లే. గంటసేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు అంతే. రోజుకు మూడు టీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర అనుకొంటే మొత్తం 30 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన 20-25 గ్రాముల హద్దు టీలతోనే దాటిపోతుంది. ఆహారపు లెక్క అడిగితే ఆ టీలు ఎవరికీ గుర్తుకు రావు.

శ్రమ లెక్కలోనూ ఇటువంటి మరపే ఉంది. ఉదయం ఒక గంట నడిచి, పగలంతా కుర్చీలో గడిపితే ఆ గంట ఎంతని ఆదుకొంటుంది? మెట్లెక్కడం, నిలబడి మాట్లాడడం, ఇంటిపని చేయడం వంటి చిన్న కదలికల తేడా వల్లనే ఒకే పరిమాణం గల ఇద్దరి శక్తివ్యయంలో రోజుకు 2,000 కిలోక్యాలరీల వరకు వ్యత్యాసం ఉండవచ్చునని అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ లెవైన్ వివరించాడు. అమెరికా వేళలకు అనుగుణంగా రాత్రులు మేల్కొనే ఉద్యోగికి నిద్ర తరిగి ఆకలి పెరుగుతుంది. పైగా బరువు తగ్గిన దేహానికి తక్కువ శక్తి చాలు. మొదట బరువును తగ్గించిన ఆహారమే కొంతకాలానికి దానిని నిలిపి ఉంచుతుంది.

త్రాసు కూడా అన్నివేళలా పూర్తి నిజం చెప్పదు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు కండరాలలో నీరు నిలిచి, కొవ్వు తగ్గినా తూకం తగ్గదు. అప్పుడు నడుము కొలత చూడాలి. భారతీయ పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటడం హెచ్చరిక. లెక్కలన్నీ సరిగా ఉన్నా మార్పు లేకపోతే థైరాయిడ్ లోపమో, అండాశయాల సమస్యయో, వాడుతున్న మందుల ప్రభావమో వైద్యుడు తేల్చాలి.

చరకసంహిత అతిస్థూలతకు కారణాలు చెబుతూ అతిభోజనంతోపాటు వ్యాయామం లేకపోవడాన్ని, పగటినిద్రను, పుట్టుకతో వచ్చే బీజస్వభావాన్ని కూడా పేర్కొన్నది. కారణం ఒక్కటే కాదని ఆనాడే గుర్తించారు. అందరినీ తిండిపోతులని, సోమరులని ఒకే గాటన కట్టేవారు ఈ మాట గ్రహించాలి.

ప్రోగ్రాము పనిచేయనప్పుడు ఆ మేడలలోని నిపుణులు కంప్యూటరును తిట్టరు, తమను తాము నిందించుకోరు. తప్పు ఏ పంక్తిలో ఉన్నదో ఓపికగా వెతుకుతారు. ఆ ఓర్పే తమ దేహం పట్లా చూపాలి. ఒక వారంపాటు తిన్నదీ, త్రాగినదీ, కూర్చున్నదీ, నిద్రించినదీ దాచకుండా వ్రాసుకొంటే, త్రాసు చెప్పని లెక్కను ఆ కాగితం చెబుతుంది.