నీళ్ళు తగలని నేల

కొల్లేటి లంకలో అమ్మమ్మది మట్టినేల. వరద తీశాక ప్రతిసారీ ఒండ్రు ఎత్తిపోసి, కొత్తమట్టి మెత్తి, పేడతో అలికేది. ఏలూరులో అమ్మ గచ్చు కడిగేది. డాలస్‌లో నాది ఓక్ చెక్క నేల.

మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ బకెట్టు నీళ్ళు కుమ్మరించబోయింది.

"వద్దమ్మా, గుడ్డ గట్టిగా పిండి తుడవాలి. గాలిలో తేమకే చెక్క ఉబ్బుతుంది. అందుకే గోడల వెంట సందు వదిలి పరుస్తారు" అన్నాను.

"చెక్కకి కూడా కాస్త చోటు వదిలారన్నమాట" అంది అమ్మ, మోకాళ్ళ మీదున్న నన్నే చూస్తూ.

నేలలు మారాయి, వంగే నడుములు మాత్రం మావే. ఇల్లు ఇద్దరి సంపాదనతో కొన్నాం. తుడవడం నా ఒక్కదాని వంతెలా అయిందో ఎప్పుడూ అడగలేదు. ఆ ఆదివారం అడిగాను. ఆయన సమాధానం చెప్పలేదు. గుడ్డ అక్కడే వదిలేసి లేచాను.