ఆ నీళ్ళెక్కడికి పోయాయి?

సాఫ్ట్‌వేరు అనగానే మా చుట్టాలంతా "ఏ బ్యాంకు ప్రాజెక్టు?" అంటారు. నేను చేసేది భూమి లోపల చమురూ, నీళ్ళూ ఎలా కదులుతాయో లెక్కగట్టే ప్రోగ్రాము. ఉద్యోగంలో చేరేదాకా నేనూ చమురు నిక్షేపం అంటే పాతాళంలో ఓ చెరువనుకునేవాణ్ణి (నవ్వకండి). నిజానికది స్పాంజిలాంటి రాయి. ఒక బావిలోంచి నీళ్ళు ఎక్కించి, ఇంకో బావిలోంచి చమురు తోడతారు.

దీనికి మూలం డార్సీ సూత్రం. 1856లో ఫ్రాన్సులో, ఇసుకలోంచి నీళ్ళు పంపి కనిపెట్టింది. మేం రాతిపొరని వేలూ లక్షల గళ్ళుగా కోసి, ప్రతి గడికీ పద్దు రాస్తాం. వచ్చిందెంత, పోయిందెంత, మిగిలిందెంత. అచ్చం కిరాణా కొట్టు లెక్కే!

ఇందులో 'ఇంపెస్' అని ఒక పద్ధతుంది. ఒత్తిడిని అన్ని గళ్ళకీ కలిపి సాధిస్తాం, ఆ తర్వాత నీటి వాటాని గడి గడికీ విడిగా. చవకే గానీ, టైమ్ స్టెప్పు పెద్దదైతే గడిలో పట్టేదానికంటే ఎక్కువ నీళ్ళు దూరిపోతాయి.

చేరిన కొత్తల్లో ఒక రన్ను తెల్లారేసరికి అయిపోవాలన్నారు. స్టెప్పు పది రెట్లు పెంచా. బావి పక్క గడిలో నీటి వాటా 1.07! రంధ్రాలన్నీ నిండినా 1 దాటకూడదు. ఏం చేశాననుకున్నారు? "1 దాటితే 1 చెయ్" అని ఒక్క లైను రాసి పడుకున్నా. పొద్దున్నకి గ్రాఫులు ముచ్చటగా వచ్చాయి.

మా లీడ్ చూసి ఒకటే అడిగారు. "బాగుంది బాబూ, ఆ పైనున్న నీళ్ళెక్కడికి పోయాయి?"

మొత్తం కూడితే, ఎక్కించిన నీళ్ళకీ, బయటికొచ్చినవీ లోపల మిగిలినవీ కలిపిన దానికీ పొంతన లేదు. నేను మాయం చేసిన నీళ్ళవల్ల, చమురు బావిలోకి నీరు ఆలస్యంగా చేరుతుందని చూపిస్తోంది. ఆ గ్రాఫు నమ్మి ఎవరో కోట్లు పోసి నిజం బావి తవ్వుతారు కదా!

అన్నీ ఒకేసారి సాధించే పూర్తి ఇంప్లిసిట్ పద్ధతి ఉంది. పెద్ద స్టెప్పులకీ నిలబడుతుంది, కానీ నీటి అంచు అలుక్కుపోయి కనిపిస్తుంది. ఊరికే ఏదీ రాదు. ఆ రోజు ఆ లైను తీసేసి, స్టెప్పు తగ్గించి, రన్ను లేటవుతుందని మెయిలు కొట్టా. తిట్లు పడ్డాయి, పర్లేదు.

ఎర్రర్‌ని మింగేసే ఖాళీ క్యాచ్ బ్లాకు ఎక్కడ కనిపించినా ఇప్పటికీ నాకు ఆ 1.07 గుర్తొస్తుంది. మీ కోడ్‌లో ఎన్నున్నాయో ఓసారి చూసుకోండి మరి!