గోడల బేరం

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, గోడ దేనితో కట్టాలో మాత్రం చెప్పకుండా తప్పించుకున్నారు. అమలాపురం దగ్గర మా పాత మండువా లోగిలి పడమటి గోడ ఒరిగేసరికి ఆ చిక్కు మా నెత్తిన పడింది. మూరెడు మందం మట్టిగోడ. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది.

మా అబ్బాయిది ప్యానెళ్ళ పక్షం. రెండు సిమెంటు రేకుల నడుమ థర్మోకోలు పూసలు కలిపిన సిమెంటు. ఫ్యాక్టరీలో తయారై లారీలో వచ్చి, ఇట్టే గోడైపోతుందట. మా ఆవిడది ఏఏసీ దిమ్మల పక్షం. బూడిద, సున్నం, సిమెంటులో కాస్త అల్యూమినియం పొడి పడితే ఇడ్లీపిండిలా పొంగి, ఆవిరికి గట్టిపడతాయి. బరువు ఇటుకలో మూడోవంతు. మా ఒండ్రునేలలో పునాదికి అది మేలే.

మా అమ్మ ఒక్కటే అడిగింది: "తొంభై ఆరు గాలివాన మళ్ళీ వస్తే నిలుస్తుందిట్రా?"

1996 నవంబరు 6 రాత్రి, తోటలో కొబ్బరిచెట్లు కూలుతుంటే, ఆవిడ ఆ మట్టిగోడకే ఆనుకుని కూర్చుంది మరి!

గాలికి నిలబెట్టేది కట్టుబడి. ప్యానెలైనా, దిమ్మైనా స్తంభాలకూ, లింటల్ బెల్టుకూ బిగిసి ఉండాలి. ఇక వేడంటారా, పొద్దస్తమానం కాగేది కప్పు. దాన్ని వదిలేసి గోడకు రగ్గు కప్పితే ఏం లాభం? ఎదురెదురు కిటికీలు లేకపోతే మన ఉక్కకు ఏ గోడా మందు కాదు.

దిమ్మలే ఖాయం చేశాం. నీరు పీలుస్తాయి గనుక బయటి పూత గట్టిగా ఉండాలి. ఆ పని మా తాపీమేస్త్రీకి వచ్చు. ప్యానెల్ చెడితే బాగుచేసేవాడు మా ఊళ్ళో లేడు.

పడమటి ఎండకు వసారా దించుతున్నాం. అమ్మ మాట మీద, లోగిలి టేకు స్తంభాలు దానికే.