బెజవాడ దాహానికి ఎన్ని పేర్లో!

షోడా, కూల్‌డ్రింకు, సుగంధి, పానకం... గొంతు తడిపేది ఏదైనా దానికో పేరుండాల్సిందే. ఆ పేరు జిల్లా దాటితే మారిపోతుంది. సముద్రం దాటితే అర్థమే మారిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది. కృష్ణా తీరంలో చల్లచల్లని పేర్ల కథ ఇది.

మే నెల బెజవాడ గురించి కొత్తగా చెప్పేదేముంది? ఇటు ఇంద్రకీలాద్రి, అటు మొగల్రాజపురం కొండలు... మధ్యలో ఊరు పెనంలా కాగుతుంటుంది. కట్టమంచి రామలింగారెడ్డి ఈ ఊరిని ‘బ్లేజ్‌వాడ’ అన్నారని చెబుతారు. పాదరసం 45 డిగ్రీలు దాటిన రోజున ఆ మాటను కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్లో బస్సు దిగినవాళ్ల కళ్లు ముందు వెతికేది ఆటోని కాదు, చల్లగా ఏదైనా దొరికే కొట్టుని.

‘కూల్‌డ్రింకు ఒకటివ్వండి!’

‘థమ్సప్ ఉందా బాబాయ్?’

‘నిమ్మకాయ షోడా కొట్టన్నా, ఉప్పేసి.’

ముగ్గురిదీ ఒకటే దాహం. అడిగిన మాటలే వేరు. ఒకరు జాతి పేరు చెప్పారు, ఒకరు కంపెనీ పేరు చెప్పారు, మరొకరు చేసే పద్ధతి చెప్పారు. చల్లటి పానీయాలకు ప్రపంచమంతా పేర్లు పుట్టింది కూడా ఇలాగే.

‘కూల్’ లేకపోతే కొంప కొల్లేరే!

కూల్‌డ్రింకు అచ్చమైన ఇంగ్లిషు మాటేగా అనుకుంటాం. కానీ ఇంగ్లండులో ఎక్కువమంది ఆ మాట వాడరు, ‘ఫిజీ డ్రింక్’ అంటారు. పుస్తకాల్లో రాసే పేరు ‘సాఫ్ట్ డ్రింక్’. సారాయి లాంటి ‘హార్డ్’ సరుకు కాదు, మెత్తనిది అని చెప్పడానికి పెట్టిన పేరది. ఆ హెచ్చరికను మన వాళ్లు మరోలా చెప్పుకున్నారు. ‘అబ్బాయి కూల్‌డ్రింకు తాగుతాడు’ అంటే పెళ్లివారికి ఏ అభ్యంతరమూ ఉండదు. అందులోంచి ‘కూల్’ తీసేసి ‘అబ్బాయి డ్రింక్ చేస్తాడు’ అని చూడండి, సంబంధం తప్పిపోతుంది! ఇక్కడ ‘కూల్’ అనేది చల్లదనానికి గుర్తు మాత్రమే కాదు, మర్యాదకు పూచీకత్తు కూడా.

ఉత్తరాదికి వెళ్తే ఇదే ‘కోల్డ్ డ్రింక్’ అవుతుంది, లేదంటే ఒక్క ముక్కలో ‘ఠండా’. ఆ ఠండా అనే మాటనే తన సొంతం చేసుకోవాలని 2000ల మొదట్లో కోకాకోలా ఆమిర్‌ఖాన్‌తో ప్రకటనలు తీయించింది. తమిళనాడు పల్లెల్లో అయితే ‘కలర్’ అంటారు. రంగులేని సోడా కాదు, రంగున్న తియ్యటి నీళ్లు కావాలని ఆ మాటకు అర్థం.

విచిత్రమేమిటంటే మన కూల్‌డ్రింకుకు అసలైన తోడు దక్షిణాఫ్రికాలో ఉంది. అక్కడి జనం నోట వినిపించే మాట అచ్చంగా ‘కూల్‌డ్రింక్’. ఆఫ్రికాన్స్ భాషలో ‘కూల్‌డ్రాంక్’. 1860 నుంచి చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి నేటాల్‌కు వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కుటుంబాల్లో చాలామంది ఇళ్లలో తెలుగు తగ్గిపోయింది. కానీ డర్బన్‌లో చుట్టానికి గ్లాసు అందించేటప్పుడు వాడే మాటా, గుడివాడలో వాడే మాటా మాత్రం ఒక్కటే!

బుడ్డిలో గోళీ... నుడిలో బుడ్డి

కూల్‌డ్రింకు రాకముందు రాజ్యమంతా షోడాదే. పట్నం మాట ‘సోడా’ అయినా, డెల్టా పెద్దల నోట అది షోడానే. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ బొగ్గుపులుసు వాయువును నీళ్లలో కలిపి చూశాడు. 1783లో జెనీవాలో యాకోబ్ ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. తొలిరోజుల్లో సోడియం లవణం కలిపేవారు కాబట్టి సోడా అన్నారు. తర్వాత లవణం పోయినా పేరు మిగిలింది.

గోళీ మాత్రం హైరం కాడ్ అనే ఇంగ్లండు ఇంజినీరు పుణ్యం. 1872లో ఆయన పేటెంటు తీసుకున్న సీసా కిటుకు చాలా తేలిక. నీళ్లు, గ్యాసు నింపి సీసాను తలకిందులు చేస్తే గోళీ మూతి దగ్గరికి జారుతుంది. లోపలి గ్యాసు ఒత్తిడి దాన్ని రబ్బరు చుట్టకు గట్టిగా అదిమి పెడుతుంది. గ్యాసే తనకు తాను బిరడా వేసుకున్నట్టన్నమాట! బొటనవేలితోనో చెక్కముక్కతోనో గోళీని లోపలికి నొక్కితే ‘కీచ్’మంటూ తెరుచుకుంటుంది. అందుకే మనం షోడాను తెరవం, ‘కొడతాం’. మూత చేసే చప్పుడును బట్టే ఇంగ్లిషువాళ్లు ‘పాప్’ అన్నారు. అదే సీసా జపాన్‌కు వెళ్లి ‘రామునే’ అయింది. లెమనేడ్ అనే మాట జపాన్ నోటికి అలా తిరిగింది.

బెజవాడ వాళ్లు షోడాను తాగి ఊరుకోలేదు, భాషలోకీ తెచ్చుకున్నారు. దళసరి కళ్లద్దాలు పెట్టుకుంటే ‘సోడాబుడ్డి’. ఉత్సాహం నీరుగారిపోయినవాడు గ్యాసు పోయిన సోడా. ఊళ్లో కొట్లాటల కథలు చెప్పుకునే పాతతరం మాటల్లో సోడాబుడ్లు గాల్లో ఎగరాల్సిందే!

అమెరికా వెళ్లిన మనవాళ్లకు మొదట తికమక పెట్టేది కూడా ఈ మాటే. న్యూజెర్సీలో ‘సోడా’ అడిగితే వచ్చేది తియ్యటి కోలా. మన ఉత్త షోడా కావాలంటే ‘క్లబ్ సోడా’ అనో ‘సెల్ట్‌జర్’ అనో చెప్పుకోవాలి. షికాగో వైపు అదే కోలా ‘పాప్’ అవుతుంది. డాలస్, అట్లాంటా వైపు పాతకాపులకు రంగు ఏదైనా, కంపెనీ ఏదైనా అన్నీ ‘కోక్’లే. ఒకే దేశంలో ఒకే పానీయానికి మూడు పేర్లు. బోస్టన్‌లో పాతవాళ్లు దాన్నే ‘టానిక్’ అనేవారు. ఆ మాటను గుర్తుపెట్టుకోండి, చివర్లో దాంతో పనుంది.

రాయలవారి వేసవి పట్టిక

సీసాలు రాకముందు మనవాళ్లకు చల్లటి పానీయాలు లేవా? దివిసీమకు దగ్గర్లో, ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉంది. ఆ స్వామి కలలో కనిపించి ఆజ్ఞాపిస్తే కృష్ణదేవరాయలు రాసిన కావ్యమే ఆముక్తమాల్యద. అందులో విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు వడ్డించే వాటిలో చెరకుపాలు, ఎడనీళ్లు, నీరుచల్ల ఉన్నాయి. అయిదు వందల ఏళ్ల నాటి కూల్‌డ్రింకుల పట్టిక!

ఆ పేర్లు ఇప్పుడేమయ్యాయి? చెరకుపాలు ‘చెరుకు రసం’ అయ్యాయి. ఎడనీరు తమిళంలో ‘ఇళనీర్’గా, కన్నడంలో ‘ఎళనీరు’గా నిక్షేపంగా ఉంది. డెల్టాలో మాత్రం కొబ్బరిబొండాం దాని చోటు లాక్కుంది. చల్ల తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో వినిపిస్తుంది. కృష్ణా జిల్లాలో అంతా మజ్జిగే. కానీ ఇక్కడివాళ్లు కూడా ‘చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు’ అంటూనే ఉంటారు. వాడకంలోంచి పోయిన మాట సామెతలో తల దాచుకుంది!

అన్నిటికీ మించి ఎక్కడా మారని పేరు పానకం. బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్లు... అంతే. బెజవాడ నుంచి కృష్ణ దాటి పన్నెండు కిలోమీటర్లు పోతే మంగళగిరి. కొండమీద నరసింహస్వామి నోట్లో పానకం పోస్తే గుటకల చప్పుడు వినిపిస్తుందని, సగం తాగి సగం భక్తుడికే ప్రసాదంగా వదిలేస్తాడని నమ్మకం. అందుకే ఆయన పానకాల స్వామి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పానకాలు, పానకాలరావు అనే పేర్లకు కొదవలేదు. ఒక పానీయం పేరు దేవుడికీ, ఆయన పేరు మనుషులకీ ఎక్కిన ఊళ్లివి. ఏ కోలాకు దక్కింది ఆ వైభోగం?

వేరు ఒకటే... పేర్లు రెండు

బెజవాడ వన్‌టౌన్ షోడా బండి మీద ఎర్రగా మెరిసే సీసాని చూపించి అడిగితే ‘సుగంధి’ అంటారు. అదే రసాన్ని కడప, కర్నూలు బండ్ల మీద ‘నన్నారి’ అంటారు. రెండూ ఒకటే తీగ వేరు. కోస్తావాళ్లు సుగంధిపాల అంటే, రాయలసీమవాళ్లు పొరుగునున్న తమిళుల మాట తీసుకున్నారు. హిందీలో అది అనంతమూల్. పండ్ల రసాల దగ్గరా ఇదే తంతు. నూజివీడు చిన్నరసం, పెద్దరసం తిని పెరిగినవాడు చెన్నై హోటల్లో ‘రసం’ అడిగితే పొగలు కక్కే చారు తెచ్చి పెడతారు! మనం బత్తాయి అనే పండును హైదరాబాదు బండివాడు మోసంబి అంటాడు. ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు అలా మిగిలింది. మన బత్తాయి వెనక డచ్చివారి బటావియా, అంటే ఇప్పటి జకార్తా ఉందని చెబుతారు. డచ్చి ఓడలు మచిలీపట్నం రేవులో ఆగిన కాలం గుర్తొస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

ఈ తీరం పేర్లు తెచ్చుకోవడమే కాదు, లోకానికో పేరు పరిచయమైన కథలోనూ ఉంది. విందుల్లో పెద్ద గిన్నెలో కలిపిచ్చే ‘పంచ్’ తెలుసుగా? సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, సుగంధద్రవ్యాలు... అయిదు దినుసులు కాబట్టి ‘పంచ’ నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్పే వివరణ. ఇంగ్లిషు రాతల్లో ఆ మాట దొరికిన అతి పాత ఆధారాల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకరు పేటపోలిలో ఉన్న తోటి ఉద్యోగికి రాసింది. ఆ పేటపోలి ఎక్కడో కాదు, కృష్ణా పశ్చిమ డెల్టా అంచున ఉన్న మన నిజాంపట్నమే!

పేరు ఎవరిదైతే కొట్టు వాళ్లదే

పేరంటే వట్టి పిలుపు కాదు, వ్యాపారం. గోదావరి వైపు రామచంద్రపురంలో 1919లో అద్దూరి సోదరులు మొదలుపెట్టిన డ్రింకు మొదట రాజుగారి పేరుతోనే నడిచి తర్వాత ‘ఆర్టోస్’ అయింది. నూరేళ్లు దాటినా ఆ పేరు చెప్పి అడిగేవాళ్లుండటమే దాని బలం. అంత బలమైన పేరు లేని చిన్న షోడా కంపెనీలు ఊరూరా ఎన్ని మూతపడ్డాయో!

1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లినప్పుడు ఆ ఖాళీలోకి కొత్త పేర్లు దూకాయి. ప్రభుత్వ సంస్థ తెచ్చిన కోలా పేరు ఆ ఏడాది అంకెలే... ‘డబుల్ సెవెన్’. పార్లే వాళ్లు తెచ్చింది థమ్సప్. ఇంగ్లిషులో ‘థంబ్’కు ఉండాల్సిన ‘బి’ని తీసేసి పెట్టిన పేరది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్సప్‌ను, దాంతోపాటు లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లను కొనేసింది. గోల్డ్‌స్పాట్ కనుమరుగైంది గానీ థమ్సప్‌ను కదిలించడం ఎవరి తరమూ కాలేదు. చిరంజీవి, తర్వాత మహేష్‌బాబు దాని ప్రకటనల్లో మెరిశారు. ఆంధ్ర పల్లెలో ‘ఓ థమ్సప్’ అన్నారంటే ఒక్కోసారి ‘ఏదో ఒక నల్లటి కూల్‌డ్రింకు’ అనే అర్థం. డాలస్‌లో కోక్ ఎలాగో అవనిగడ్డలో థమ్సప్ అలాగన్నమాట.

పాత షోడాకూ పేరు మార్చే రోజులొచ్చాయి. కేంద్ర వాణిజ్యశాఖ పరిధిలోని అపెడా 2025లో మన గోళీ సోడాను అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు ఎగుమతి చేయించింది. పెట్టిన పేరు ‘గోలీ పాప్ సోడా’. మన గోళీ, వాళ్ల పాప్, అందరి సోడా... ఒకే సీసాలో మూడు పేర్లు!

పేరుతో ప్రాణానికి చిక్కు

ఇంతవరకూ సరదాయే. ఇప్పుడు అసలు సంగతి. బోస్టన్‌వాళ్ల ‘టానిక్’ గుర్తుందా? కోలాలు పుట్టింది మందుల షాపుల్లోనే. కోకాకోలాను 1886లో తయారుచేసింది అట్లాంటాలోని మందుల తయారీదారు జాన్ పెంబర్టన్. మన ఊళ్లలో కడుపు ఉబ్బరిస్తే షోడా తాగమనడం మామూలే. పానీయానికీ ఔషధానికీ మధ్య గీత ఎప్పుడూ పలచనే. సారాను ‘మందు’ అనే జాతి మనది!

ఎండదెబ్బ తగిలినా, విరేచనాలు పట్టుకున్నా అడగాల్సిన పేరు ఒకటే... ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లలో గ్లూకోజు 13.5 గ్రాములే ఉండాలి. దాంతోపాటు కొలత ప్రకారం సోడియం, పొటాషియం లవణాలు ఉండాలి. ఆ కొలతలోనే ప్రాణం ఉంది. కానీ ఏళ్ల తరబడి ఆ మూడక్షరాలను పేరులో ఇరికించుకున్న తియ్యటి పండ్ల పానీయాలు మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. వాటిలో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. విరేచనాలతో నీరసించిన పసివాడి పేగుల్లోకి అంత చక్కెర వెళ్తే అది ఒంట్లోని నీటిని ఇంకా బయటికి లాగుతుంది. తల్లి మాత్రం మందే పట్టిస్తున్నాననుకుంటుంది.

ఈ పేరు మీద ఏళ్లపాటు పోరాడినవారు హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్. చివరికి 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఉత్తర్వులిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు సరిపోని ఏ పానీయమూ పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకోకూడదని తేల్చింది. ఒక్క పేరు తీసేయించడానికి అన్నేళ్లు పట్టింది!

కాబట్టి కూల్‌డ్రింకును ఏ పేరుతో పిలుచుకున్నా ఫరవాలేదు గానీ, ఒంట్లో బాగోలేనప్పుడు డబ్బా మీది పేరొక్కటే చూసి మోసపోకూడదు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న కొలతలూ చదవాలి. చదివే తీరిక లేకపోయినా, ఒట్టి దాహమే అయితే, బెజవాడ కూడళ్లలో ఎండాకాలం వెలిసే చలివేంద్రాలున్నాయి. అక్కడ దొరికేదానికి తెలుగువాడు ఏనాడో పెట్టుకున్న పేరు మంచినీళ్లు. ఆ కుండ మీద చదవాల్సిందేమీ లేదు. గ్లాసు ముంచుకోవడమే!