మిడత తొడలో వంశచరిత్ర

అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్ల కీటకాల భాండాగారంలో పెట్టె తర్వాత పెట్టె తెరిచి చూపిస్తుంటే, మొదట అన్నీ ఒకే మిడతలా అనిపించాయి. ప్రతిదాని వీపుకూ ఒక సూది, సూదికి చిన్న చీటీ: దొరికిన చోటు, తేదీ, పట్టినవారి పేరు. చీటీ లేని మిడతతో ఇక్కడ పెద్దగా పని లేదు.

నేను చూడాలనుకున్నది ఎడారి మిడతని. 2020లో రాజస్థాన్ మీదుగా మహారాష్ట్ర దాకా వచ్చి, మన ఆదిలాబాద్ రైతుల్ని హడలెత్తించింది అదే. దాని ప్రజాతి పేరు షిస్టోసెర్కా. అందులో సుమారు 50 జాతులున్నాయి. ఎడారి మిడత ఒక్కటే ఆఫ్రికా, ఆసియాల్లో ఉంటుంది, మిగతావన్నీ అమెరికా ఖండాలవే. మరి అట్లాంటిక్ దాటింది ఎవరు, ఎటు నుంచి ఎటు?

ఇక్కడి ప్రొఫెసర్ హోజున్ సాంగ్ 2004లో మిడతల శరీర నిర్మాణాన్ని పోల్చి, ఎడారి మిడత పూర్వీకులు అమెరికా నుంచి వెళ్లారని వాదించారు. 2006లో మరో బృందం డీఎన్ఏ చూసి, కాదు, అమెరికా జాతుల పూర్వీకులే ఆఫ్రికా నుంచి అటు వెళ్లారంది. 2017లో సాంగ్ బృందం మరింత జన్యు సమాచారంతో వంశవృక్షం గీస్తే ఆఫ్రికా మాటే నిలిచింది. తాను అచ్చేసిన వాదాన్ని తానే పక్కన పెట్టడం చిన్న విషయం కాదు. నాకు ఆ వంశవృక్షం మీద నమ్మకం కుదిరింది అక్కడే. అంత సముద్రం దాటడం సాధ్యమా అంటే, 1988లో పశ్చిమ ఆఫ్రికా మిడతల దండు కరీబియన్ దీవుల్లో వాలింది.

పక్క గదిలో ఒక పరిశోధక విద్యార్థిని ఆల్కహాల్ సీసాలోంచి మిడతను తీసి, వెనక కాలి తొడను చీల్చి, బియ్యపుగింజంత కండ తీసింది. దాన్ని ఎంజైములో వేసి రాత్రంతా వెచ్చగా ఉంచితే కణాలు కరిగి డీఎన్ఏ బయటికొస్తుంది. మిగిలిన శరీరాన్ని నంబరు వేసి మళ్లీ సీసాలో పెట్టేసింది. ఎందుకని అడిగితే, "రేపు ఎవరైనా ఇది ఆ జాతి కాదంటే తీసి చూపించాలి కదండీ" అంది.

ఆ జాగ్రత్తకు కారణముంది. ఎడారి మిడత జీనోము మనిషి దానికంటే రెండున్నర రెట్లకు పైనే పెద్దది. పైగా మిడతల్లో మైటోకాండ్రియా జన్యువుల పాత నకళ్లు కేంద్రకంలోని డీఎన్ఏలో చేరి ఉంటాయి. అసలుకూ నకలుకూ తేడా పట్టకపోతే ఒక్క జాతే పది జాతులుగా కనిపిస్తుంది. అప్పుడు దాచిన శరీరాన్ని తీసి సరిచూసుకోవాలి.

దండు కట్టే మిడతలన్నీ ఒక వంశం కావని కూడా జన్యువులు తేల్చాయి. ఎడారి మిడతది ఒక ఉపకుటుంబం, వలస మిడతది వేరొకటి. ఆ గుణం వేర్వేరు శాఖల్లో విడివిడిగా పుట్టింది. మన జిల్లేడు చెట్ల మీద గుంపుగా కనిపించే పసుపు, నీలి చారల మిడతదైతే కుటుంబమే వేరు. దాన్ని చూసి దండు వచ్చిందని భయపడనక్కర్లేదు.

మీ పొలంలో తెలియని మిడతలు కనిపిస్తే మందు కొట్టే ముందు రెండింటిని స్పిరిట్‌లో వేయండి. ఊరి పేరు, తేదీ, ఏ మొక్క మీద దొరికాయో పెన్సిల్‌తో చీటీ మీద రాసి, దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇవ్వండి.